ఆటిజముగల పిల్లలు, మెదడులోని యనుసంధానము, మనము చెప్పెడి నిగ్రహము
(వార్షిక మహాసభ రెండవనాటి యపరాహ్ణ సమావేశమున గావించిన యుపన్యాసము)



నిన్నటినుండి ఈ వేదికమీద విద్యానిధిని గూర్చియు, వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. ఇట్టి సభలలో నిట్టి విషయములే వినుట మనకలవాటు. కార్యదర్శిగారు మాకు అరగంట కాలమొసంగి, ఇష్టమైన విషయముపై మాటాడుడనిరి. మేము కోరుకొన్న విషయమును విని కొంచెము సంకోచించి, "అది డాక్టర్లు చెప్పవలసినది కదండీ!" యనిరి. నిజమే. మేము వైద్యులము గాము. నలువదియేండ్లు న్యాయవాదవృత్తిలో నుండి విశ్రాంతి దీసికొన్నవారము. ఐనను ఒక వైద్యుడు తన గదిలో ఒక కుటుంబమునకు దలుపువేసి చెప్పుట వేఱు. ఒక తాత తనవారందఱి యెదుట నిలిచి చెప్పుట వేఱు. తలుపు వేయక చెప్పవలసిన కాలము వచ్చినదని తోచి ఈ సాహసమునకు బూనుకొంటిమి.

మొదట మా తప్పును మనవి చేసికొందుము. ఎనిమిదేండ్లక్రిందట మా బంధువులయింట వివాహము. మా పెద్దకుమార్తె కొడుకునకు అప్పుడు తొమ్మిదేండ్లు. తలంబ్రాలవేళ ఒకవైపు బ్యాండుమేళము, ఒకవైపు డీజే పెట్టెలు, నడుమ మైకులో పేర్లు చదువువారు. పిల్లవాడు రెండు చెవులు మూసికొని కుర్చీల వరుసక్రింద దూరెను. మామ చేయిపట్టి లాగగా, ఆ చేతిని కొఱికెను. నేలమీద బడి పొర్లుచు గేకలు వేసెను. నలుగురు చుట్టుముట్టిరి. "గారాబం ఎక్కువైంది, నాలుగు తగిలిస్తే గాని దారికి రాడు" అని ఒక పెద్దమనుష్యుడనెను. సభలో దలవంపయ్యెనను కోపముతో మేము రెండు దెబ్బలు కొట్టితిమి. మేము కొట్టినవి రెండే. ఆ పిమ్మట వాడు తన్ను దాను ఎన్ని కొట్టుకొనెనో లెక్కలేదు. మా కుమార్తె వానిని గప్పుకొని కూర్చుండి, తలయెత్తి మావైపు చూచిన చూపును మేము నేటికిని మఱువలేదు.

అప్పటికే వైద్యులు ఆటిజమని చెప్పియుండిరి. ఆ మాట మాకు దెలియును. తెలిసియు గొట్టితిమి. ఏలయన, ఆటిజమనగా మాటలు ఆలస్యముగా వచ్చుట, కన్నులలోనికి జూడకుండుట యనియే మేమెఱిగితిమి గాని, తన్ను దాను అదుపులో బెట్టుకొనుటలోని కష్టము గూడ దానిలో భాగమై యుండవచ్చునని యెఱుగము. అది మొండితనము, ఇది జబ్బు అని మనస్సులో రెండు గదులు కట్టుకొని, కేకలను మొదటి గదిలో వైచితిమి. ఆ నడిమిగోడ సరియైనదా యన్నదే నేటి ప్రశ్న.

ఈ స్థితి లోకమునకు దెలిసిన చరిత్ర పెద్దది గాదు. 1920ల నడుమ సోవియటు దేశమున గ్రున్యా సుఖరేవా యను వైద్యురాలు ఇట్టి బాలురను వర్ణించినది. ఆమె వ్రాత చాలకాలము మఱుగుపడియున్నది. 1943లో అమెరికాలో బాల్టిమోరునందు లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను గూర్చి వ్రాసెను; మఱుసటి సంవత్సరమున వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ వ్రాసెను. తరువాత జరిగిన యన్యాయమును మనవారు ముఖ్యముగా వినవలెను. తల్లి ప్రేమ చల్లబడుటచేతనే బిడ్డ యిట్లయ్యెనని కొందఱు సిద్ధాంతము చేసిరి. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఈ వాదముతోనే ఒక పెద్దగ్రంథము ప్రకటించెను. అంతకు మూడేండ్లముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు, తానే అట్టి బిడ్డకు తండ్రియైనవాడు, ఇది మెదడు నిర్మాణమునకు సంబంధించినదని వాదించి గ్రంథము వ్రాసియుండెను. అయినను తల్లులమీది నింద తొలగుటకు చాలకాలము పట్టినది. అక్కడ దొలగినది గాని యిక్కడ దొలగినదా? గ్రహణమునాడు బయట దిరిగినదనియు, ఉద్యోగమునకు బోయి బిడ్డను ఆయాకు వదలినదనియు, సెల్‌ఫోను చేతికిచ్చినదనియు మన యిండ్లలో నేటికిని వినుచున్నాము. ఈ నిందలలో దండ్రి పేరు రాదు, గమనింపుడు. టీకాలవలన వచ్చునని 1998లో ఒక పత్రికలో వచ్చిన వ్యాసమును ఆ పత్రికయే 2010లో ఉపసంహరించుకొన్నది. దానిపై నింతకంటె గాలము వ్యర్థము చేయము.

2021వ సంవత్సరపు లెక్కనుబట్టి లోకమున సుమారు 127 మందిలో నొకరు ఆటిజముగలవారని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. అనగా వేయిమంది కూడినచోట ఏడెనిమిదిమంది. ఈ పందిటిలో వారెక్కడ? ఈ ప్రశ్నకు మరల వత్తుము.

ఇక నిగ్రహమను మాట. మన భాషలో నిది తపస్సు చేయువారికి, వ్రతము పట్టినవారికి వాడు మాట. ఇంద్రియనిగ్రహము, కోపనిగ్రహము అని చెప్పునపుడు అది సద్గుణము, లేకుండుట దోషము. ఇదే కొలతను మనము ఆఱేండ్ల బిడ్డకు బెట్టుచున్నాము. కాని శాస్త్రజ్ఞులు స్వీయనియంత్రణమని చెప్పునది గుణము గాదు, పని. లోపల నేదో రగులుచున్నదని గుర్తించుట యొకపని. దాని పేరేమో తెలిసికొనుట యొకపని. చేతిని, నోటిని నిమిషముపాటు ఆపుట యొకపని. ఒకదారి మూసికొన్నపుడు మఱియొక దారికి మరలుట వేఱొకపని. రేగినదానిని మరల జల్లార్చుకొనుట యన్నింటికంటె గష్టమైన పని. న్యాయస్థానమున జడ్జిగారు మమ్ము అకారణముగా గసరినపుడు మేము నవ్వుమొగముతో "చిత్తము" అనుచుంటిమి. ఆ ఒక్క చిత్తము వెనుక నిన్ని పనులు జరిగినవి. మేము చేసినట్లే మాకు దెలియదు. ఆటిజముగల పిల్లలలో జాలమందికి నీ పనులలో గొన్ని తమంతట జరుగవు, లేక ఆలస్యముగా జరుగును. చిత్తమనవలసిన క్షణము దాటిపోయిన తరువాత జరుగును.

ఎందుచేత? ఇక్కడనే మెదడులోని యనుసంధానమను మాట వచ్చును. మన డెల్టావారికి దీనిని కాలువల పోలికతో జెప్పుట సులభము. 1852లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి నీరు పొలములకు జేరుటకు బెద్దకాలువలు, పిల్లకాలువలు, తూములు, లాకులు ఏర్పడినవి. ఏ పొలము గొప్పది యన్న ప్రశ్నకంటె, ఏ పొలమునకు ఏ కాలువనుండి, ఎంతవేగముగా నీరు వచ్చును, ఎవ్వరు తూము మూయుదురు అన్న ప్రశ్న పంటను నిర్ణయించును. మెదడు నట్టిదే. దానియందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. నొసటి వెనుకనున్న భాగము ఆలోచించి ఆపెడి లస్కరు వంటిది. లోపల బాదముగింజ యాకారమున నుండి, దానిపేరనే అమిగ్డలా యని పిలువబడు చిన్నభాగము అపాయమున్నదని గంట మ్రోగించునది. ఈ రెంటి నడుమ రాకపోకలు చక్కగా నున్నచో, గంట మ్రోగినను "అది బాణసంచా, భయములేదు" అను కబురు వెంటనే చేరి గంట యాగును. ఏది పట్టించుకొనదగినది, ఏది కాదు అని యేర్పఱుచుటకు వేఱొక జాలము కలదు. ఈ భాగములు విడివిడిగా బాగుండియు, వాని నడిమి కబురులు వేఱుతీరున నడచినచో గలుగు ఫలము వేఱు.

దీనిని ఎట్లు కొలుతురు? ఎం.ఆర్.ఐ. యంత్రములో మనుష్యుని బరుండబెట్టి, మెదడులో నెక్కడెక్కడ రక్తప్రవాహము హెచ్చి తగ్గుచున్నదో క్షణక్షణము చూతురు. రెండు గ్రామముల కాలువలలో నీటిమట్టము ఒకేవేళ హెచ్చి, ఒకేవేళ తగ్గుచున్నచో, ఈ రెంటికిని ఎక్కడనో సంబంధమున్నదని మనమూహింపుదుము గదా! నేల త్రవ్వి చూడము; మట్టమునుబట్టి యూహింతుము. శాస్త్రజ్ఞులు అనుసంధానమని చెప్పునది చాలమట్టు కిట్టి యూహయే. ఈ మాట మేము పలుమాఱులు చెప్పుదుము. ఏలయన పత్రికలలో మెదడు రంగుల బొమ్మను జూచినవారు అది వైరుపటమని భ్రమింతురు.

2004లో పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున మార్సెల్ జస్ట్ మున్నగువారు, ఆటిజముగలవారు వాక్యములను జదివి యర్థము చేసికొనునపుడు మెదడులోని దూరభాగములు ఇతరులలోవలె నొకదానితో నొకటి కలిసి కదలుటలేదని కనుగొనిరి. అనుసంధానము తక్కువ యను సిద్ధాంతము దానితో బలపడినది. పదియేండ్లు గడువకముందే చిక్కు వచ్చినది. 2013లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున కౌస్తుభ్ సూపేకర్, వినోద్ మీనన్ మున్నగువారు చిన్నపిల్లలను బరీక్షించి, వారిలో ననుసంధానము తక్కువగాదు, అనేకచోట్ల నెక్కువయే యనిరి. ఈలోపల 2012లో సెయింట్ లూయిసునందలి జొనాథన్ పవర్ మున్నగువారు మఱియొక సంగతి బయటపెట్టిరి. యంత్రములో దల మిల్లీమీటరులో నొక పాలు కదలినను, దూరసంబంధములు తక్కువగను, దగ్గఱసంబంధములు ఎక్కువగను తప్పుగా దోచును. కదలక పరుండుట యెవరికి గష్టము? మన పిల్లలకే గదా! కాలువలో నీరు మారలేదు, మట్టము చూచు కొయ్యయే యూగినది. వెనుకటి ఫలితములలో గొన్నింటిని మరల జూచుకొనవలసి వచ్చినది. 2014లో 17 కేంద్రములవారు తమ లెక్కలను గలిపి, 539 మంది ఆటిజముగలవారిని, 573 మంది ఇతరులను, మొత్తము 1,112 మందిని పోల్చిరి. మెదడు పైపొరల నడుమ తగ్గుదల యధికముగను, లోపలిభాగములతో గల సంబంధములలో గొన్నిచోట్ల హెచ్చుదలయు గన్పించినవి.

న్యాయవాదిగా మేమీ సాక్ష్యమును ఇట్లు తూచితిమి. తేడా యున్నదనుట స్థిరము. అది యంతయు దక్కువ గాదు, యంతయు నెక్కువ గాదు. వయస్సునుబట్టి, మనిషినిబట్టి మారును. ఒక్క బిడ్డ మెదడు బొమ్మను జూచి యిది ఆటిజమని తేల్చు పరీక్ష నేటికిని లేదు. బిడ్డ నడతను, పెరుగుదలను జూచియే వైద్యులు నిర్ణయింతురు. కావున మెదడుపటము తీసి లోపము చూపించి సరిచేయుదుమని సొమ్మడుగువారిని నమ్మకుడు. మూలకణములు ఎక్కించు చికిత్స యని లక్షలు పుచ్చుకొను చోట్లకు మనవారిలో గొందఱు పొలమమ్మి పోయిరని మేమెఱుగుదుము. ఆటిజమునకు ఆ చికిత్సను సిఫారసు చేయరాదని 2022లోనే జాతీయ వైద్య కమిషను తెలిపియున్నది.

మమ్ము మిక్కిలి కదిలించిన పరిశోధన వేఱొకటి. దానిని చదివిన రాత్రి మేము నిద్రపోలేదు. లాస్ ఏంజిలిసులోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున షులమైట్ గ్రీన్ మున్నగువారు 2015లో బ్రకటించినది. ఆటిజముగల పిల్లలను, యౌవనమున నడుగిడుచున్నవారిని యంత్రములో బరుండబెట్టి, గఱకుగానుండు ఉన్నిగుడ్డను చర్మముపై రాచిరి. వీథిలోని బండ్ల రొదను వినిపించిరి. రెండును కలిపియు జేసిరి. మనకు జిరాకు కలిగించునవే గాని బాధించునవి గావు. ఇంట స్పర్శకు, చప్పుడునకు మిక్కిలి బాధపడుదురని తల్లిదండ్రులు చెప్పిన పిల్లలలో అమిగ్డలాయు, ఆ స్పర్శను చప్పుడును గ్రహించు భాగములును బలముగా మండినవి. అంతకంటె ముఖ్యము, ఇతర పిల్లలలో ఆ మంట కొంతసేపటికి అలవాటుపడి తగ్గినది. వీరిలో నట్లు తగ్గలేదు. ఆటిజమున్నను ఇట్టి బాధ తక్కువగా నున్న పిల్లలలో మఱియొక వింత గనుగొనిరి. వారిలో నొసటి భాగము అమిగ్డలాను అణచుచున్నట్లు, ఒకటి హెచ్చునపుడు రెండవది తగ్గుచున్నట్లు కనబడినది. అనగా తూము మూయు కబురు వారిలో జేరుచున్నది.

సోదరులారా, ఉన్నిగుడ్డయు బండ్లరొదయు! పరిశోధకులు కనికరముతో స్వల్పమైనవానిని ఏర్చికొనిరి. మేము మా మనుమనికి బట్టుపంచె కట్టి, మెడలో గఱకు జరీయంచు ఉత్తరీయము వేసి, డీజే పెట్టెకు పదిగజముల దూరమున రెండుగంటలు కూర్చుండబెట్టితిమి. ఆ పైని గొట్టితిమి. ఇట్టివాడు "అలవాటుపడును" అని మన పెద్దలందఱు చెప్పు మాట. ఆ యలవాటుపడుటయే వానిలో జరుగనిదని యంత్రము చెప్పినది.

వానికి పదునాల్గేండ్లు వచ్చినపుడు, ఒక సాయంకాలము వాడంతట వాడే ఆ పెండ్లిమాట యెత్తెను. "తాతయ్యా, ఆ రోజు చెవుల్లోకి మేకులు దిగుతున్నట్టుంది. మీ చెయ్యి తగిలితే అదీ ఒక మేకే అనుకున్నాను. మీరు కొట్టారని అమ్మ చెప్తే తర్వాత తెలిసింది" అనెను. దెబ్బవలన బుద్ధివచ్చునను వారికి మేమీ మాటను విడిచిపెట్టుచున్నాము. దెబ్బ యెవరిదో కూడ వానికి దెలియలేదు.

చిన్ననాటికంటె యౌవనమున నీ కష్టము వేఱురూపము దాల్చును. నొసటి భాగము పక్వమగుట ఇరువదియైదేండ్ల సమీపమువఱకును సాగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు, ఇది యెల్లవారికి. శరీరమున్నచో పదునైదేండ్లకే పెరుగును. తొమ్మిదేండ్లవాడు నేలబడి యేడ్చినచో జాలిపడినవారు, ఆఱడుగులవాడు గోడను గ్రుద్దినచో పోలీసును బిలుతురు. మఱియొకటి. ఈ వయస్సున కొందఱిలో లోపలి దిగులు, భయము హెచ్చును. ఒకమాటను పట్టుకొని రోజులతరబడి మనస్సులో దిప్పుట హెచ్చును. తమ లోపల నేమి జరుగుచున్నదో చెప్పుమన్నచో జెప్పలేరు. మావాడు కోపమను మాట వాడడు. "పొట్ట వేడిగా ఉంది" యనును. ఆ మాటకు కోపమనియో, భయమనియో, ఆకలియనియో అర్థము మేము కాలక్రమమున నేర్చుకొంటిమి. ఆడపిల్లలలో మఱింత చిక్కున్నది: బడిలో దినమంతయు ఇతరులను జూచి యనుకరించి నెమ్మదిగా నుండి, ఇంటికి వచ్చి తలుపు మూయగానే కూలిపోవుదురు. "బడిలో బంగారం, ఇంట్లోనే రాక్షసి" యని తల్లి చెప్పినచో, తల్లి పెంపకమే తప్పనుకొనకుడు.

పదమూడవయేట మావానిని ఒక పాఠశాలవారు తీసికొనిపొమ్మనిరి. ఇతరుల చదువు చెడుచున్నదనిరి. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజము చేరియున్నది. నలువదిపాళ్ళు మొదలు వైకల్యమున్నట్లు ధ్రువపత్రమున్న పిల్లలకు ఆఱేండ్లనుండి పదునెనిమిదేండ్లవఱకు ఉచితవిద్య హక్కు. మావానికి పత్రమున్నది. చట్టము మాకు గంఠస్థము. ఇతరుల కొఱకు నలువదియేండ్లు వాదించిన మేము, ఆనాడు పిల్లవాని పుస్తకముల సంచి భుజమున వైచికొని నోరెత్తక వచ్చితిమి. సిగ్గు! పాఠశాలపై గాదు మా కోపము, మా సిగ్గుమీద.

పిదప నేమి చేసితిమని యడుగుదురు. పెద్ద మంత్రమేమియు లేదు. లోపలి లస్కరు కబురు ఆలస్యమైనచో, బయటి లస్కరు ఒకడు కొంతకాలము తూమువద్ద నిలువవలెను, అంతియే. రేపు జరుగబోవుదానిని నేడే బొమ్మలతో గీసి గోడపై నంటింతుము. మార్పు వచ్చినచో, బొమ్మను వానిచేతనే తీయింతుము. చెవులపై బెట్టుకొను హెడ్‌ఫోనులు ఎప్పుడును సంచిలో నుండును. ఒకటినుండి అయిదువఱకు అంకెలు వ్రాసిన చీటీ యున్నది. నోట మాట రానప్పుడు వ్రేలు చూపును. మూడు చూపినంతనే బయటికి, అయిదు రానీయము. అయిదు వచ్చినచో మాటలాడము, ప్రశ్నింపము, నీతి చెప్పము. దీపము తగ్గించి దూరముగా గూర్చుందుము. నీతి చెప్పుటకు మఱునాడున్నది. ఇది మొదటినెలలో నేమియు బనిచేయలేదు. మా అల్లునికి మిక్కిలి విసుగు పుట్టినది. రెండవయేటికి దేడా తెలిసినది. ఇప్పటికిని కేకలున్నవి, కాని మునుపటికంటె వేగముగా జల్లబడును, తన్ను గొట్టుకొనుట చాలవఱకు దగ్గినది.

మందుల మాట యడుగుదురు. ఆటిజమునకు మందు లేదు. తీవ్రమైన చిరాకు, తన్ను దాను గాయపఱచుకొనుట మున్నగువానికి రిస్పెరిడోన్ అను మందును 2006లో, అరిపిప్రజోల్ అనుదానిని 2009లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ అంగీకరించినది. కొందఱికి మేలుచేయును, బరువు పెంచుట మొదలగు కీడులును గలవు. పిల్లల మనోవైద్యులు చూచి వ్రాయవలసినవే గాని, పొరుగింటివారి చీటీ చూపి కొనవలసినవి గావు. మాటలు బొత్తిగా రాని పిల్లలున్నారు. వారికి మా అంకెల చీటీ చాలదు. వారి కుటుంబముల శ్రమముందు మా శ్రమ యెంతటిది? సికిందరాబాదులో మనోవికాసనగరమున 1984లో నెలకొల్పబడిన జాతీయసంస్థ యున్నది. అట్టిచోట్ల శిక్షణ పొందినవారి సహాయము తప్పక తీసికొనవలెను.

వృత్తిని బట్టి ఒకమాట చెప్పక మానలేము. వచ్చు సంవత్సరము మావానికి పదునెనిమిదేండ్లు నిండును. ఆనాటినుండి తల్లిదండ్రులు తమంతట సంరక్షకులు గారు. 1999వ సంవత్సరపు నేషనల్ ట్రస్టు చట్టముక్రింద జిల్లాలోని స్థానిక సంఘమునకు దరఖాస్తు పెట్టుకొన్నచో సంరక్షకుని నియమింతురు. అందఱికి నది యవసరము గాదు. 2016 చట్టము ఆ వ్యక్తితో గలిసి నిర్ణయములు తీసికొనుటనే ముఖ్యముగా జూచుచున్నది. ఆ ట్రస్టుక్రిందనే నిరామయ యను ఆరోగ్యబీమా లక్ష రూపాయలవఱకు గలదు. మన కుటుంబములలో బంపకములు జరుగునపుడు "వాడికెందుకు ఆస్తి, అన్నదమ్ములు చూస్తారులే" యని నోటిమాటతో విడిచిన దస్తావేజులు మేమెన్నియో చూచితిమి. అన్నదమ్ములు చూచినవారున్నారు. చూడనివారి వ్యాజ్యములును మాయొద్దకే వచ్చినవి. వ్రాయించుడు.

ఇక, ఈ పందిటిలో వారెక్కడ యన్న ప్రశ్న. మన సంఘమువారు అయిదేండ్లకొకమాఱు కుటుంబవివరముల పుస్తకమును అచ్చువేయుచున్నారు. అందు ప్రతి యింటివారి పిల్లల పేర్లు, వయస్సులు, చదువులు నుండును. వధూవరుల వెదకువారు దానినే చూతురు. గడచిన ముద్రణలో మా యింటిపేరు క్రింద మా పెద్దకుమార్తెకు ఒక్క కూతురని యున్నది. ఆ పత్రము నింపినది మేమే. మనుమరాలి సంబంధమునకు అడ్డగునని భయపడి, మనుమనిపేరు వ్రాయలేదు. ఆటిజములో వంశపారంపర్యపు పాలు పెద్దదే. అది దాచిన దాగదు. ఐనను అది యొక్క జన్యువుతో, ఒక్క తరముతో లెక్కగట్టి చెప్పునట్టిది గాదు. పెండ్లివారికి సంశయమున్నచో వైద్యుని యడుగవచ్చును. మా మనుమరాలు ఆ పుస్తకము తెఱచి చూచి, "తాతయ్యా, తమ్ముడెక్కడ?" అనినది. ఆ పిల్లకు మేము జెప్పిన సమాధానమును ఇక్కడ జెప్పజాలము. ఈ యేటి ముద్రణకు పత్రము మరల నింపితిమి. ఇతర కుటుంబములవారు కూడ పత్రములను ఈ నెలాఖరువఱకు సరిచేసి యీయవచ్చునని కార్యదర్శిగారు అంగీకరించిరి.

పోషకులకు మా మనవి మూడు. క్రొత్తగా గట్టించుచున్న కల్యాణమండపమున, భోజనశాలకు వెనుక నున్న సామానుల గదిని మైకు తీగ పోనీయక, మందమైన తలుపు పెట్టించి, నిశ్శబ్దపు గదిగా విడువవలెను. దీనికయ్యెడి వ్యయము తక్కువ. విద్యానిధినుండి ప్రతియేట ఇద్దఱు యువతీయువకులకు ప్రత్యేకవిద్యలో డిప్లొమా చదువుటకు వేతనమీయవలెను. ఇంజనీరింగునకిచ్చు వేతనములలో నుండి తీసి యిచ్చినను నష్టములేదని మా యభిప్రాయము, కోపగింపకుడు. వసతిగృహపు నియమావళిలో "క్రమశిక్షణ తప్పినవారిని తొలగింపవచ్చును" అను తొమ్మిదవ నియమమునకు, తొలగించుటకుముందు వైద్యుని యభిప్రాయము తీసికొనవలెనను వాక్యము చేర్పవలెను. ముసాయిదా మేము వ్రాసి తెచ్చితిమి. అధ్యక్షులవారి బల్లమీద నున్నది.

నేటి యుదయమునుండి మా మనుమడు ఈ వేదికకు వెనుకనున్న గ్రంథాలయపు గదిలో నున్నాడు. కిటికీలకు దుప్పట్లు కట్టితిమి. హెడ్‌ఫోనులు పెట్టుకొని రైళ్ళ కాలపట్టికలు చూచుకొనుచున్నాడు. విజయవాడమీదుగా బోవు బండి యేదైనను నడుగుడు, చెప్పును. గది ఎట్లు సర్దితిమో చూడగోరువారు మూడుగంటల తరువాత రావచ్చును. ఒక్కొక్కమాఱు ఇద్దఱికి మించి లోనికి పోవలదు. తలుపు తట్టి, వాడు తలయెత్తువఱకు గుమ్మమువద్దనే నిలువుడు.